గూడు లేని గూఢచారి

కాటుక అనే మనిషి విషయంలో రంగులాయన జన్మలో ఒక్కటే తప్పు చేశాడు. వాడికి పని నేర్పాడు. కాగులో నీళ్ళు ఎంత మరగాలో, ఉప్పు ఎప్పుడు పడాలో, కర్రతో బట్టని ఎటు తిప్పితే మచ్చ పడకుండా ఉంటుందో, అన్నీ పక్కన కూర్చోబెట్టుకుని కొడుక్కి చెప్పినట్టు చెప్పాడు. వాడు నేర్చుకున్నాడు, చేతులు దులుపుకున్నాడు, సరిగ్గా ఎదురుగా ఖాళీ అయిన కొట్టు తీసుకున్నాడు. అంతటితో ఊరుకుంటే రంగులాయన కూడా ఊరుకునేవాడే. కానీ వాడు ఆయనకి పేరు కూడా పెట్టాడు.

ఆ పేరు బూడిద.

పాతవన్నీ కొత్తవి చేసే బజారు అది. పైన రేకులు, కింద బండలు, మధ్యలో కాలువ. ఒకడు తాళాలు బాగుచేస్తే ఒకడు పుస్తకాలకి అట్టలు వేస్తాడు, ఇంకొకడు తెగిన బెల్టులు కుడతాడు. వెలిసిపోయిన బట్టలకి మళ్ళీ రంగు వేసేది రంగులాయన. అందులోనూ నలుపు. కోట్లు, ప్యాంట్లు, గొడుగు గుడ్డలు ఏవైనా తెచ్చి ఇస్తే నల్లగా నిగనిగలాడించి చేతిలో పెట్టేవాడు. నాలుగు ఉతుకుల దాకా నిగనిగే. ఆ తర్వాత ఏమవుతుందో బట్టలిచ్చినవాళ్ళకి తెలుసు, ఆయనకీ తెలుసు, కాని ఎవరూ నోరు విప్పి అనేవాళ్ళు కాదు. ఎందుకంటే వేరే దిక్కు లేదు.

కాటుక కొట్టు తెరిచిన వారానికి ఒకావిడ రెండు కొట్ల మధ్య నిలబడి ఎటు పోవాలా అని చూస్తోంది. కాటుక బట్ట పిండుతూనే, తలెత్తకుండానే, బజారంతా వినబడేలా అన్నాడు.

"ఆయన దగ్గరే వేయించుకోమ్మా. నాలుగు ఉతుకులయ్యాక బూడిద వస్తుంది. గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుంది."

ఆ నవ్వు ఇప్పటికీ రంగులాయన చెవుల్లోంచి పోలేదు. వాడి నలుపు ఎన్ని ఉతుకులకీ చెక్కుచెదరదు కాబట్టి వాడు కాటుక అయ్యాడు. వాడికి పని నేర్పినవాడు బూడిద అయ్యాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు "బూడిదన్నా, నీ బిందె జరుపు" అంటారు. తపాలా తెచ్చేవాడు "బూడిద ఎవరండీ" అని అడిగి మరీ వస్తాడు. ఒకసారి సొంత బావమరిదే నోరుజారి, నాలిక కరుచుకుని, ఆ పూట అన్నానికి రాలేదు.

అవన్నీ ఒక ఎత్తు, ఆ రోజు బ్యాండు వాళ్ళ కోట్లు పోవడం ఒక ఎత్తు. మేళం వాళ్ళ నల్లకోట్లు ఇరవై, ఏటా ఆయన దగ్గరికే వచ్చేవి. ఈసారి బ్యాండు మాస్టారు ఆయన కొట్టు ముందునుంచే, ఆయనకి నమస్కారం కూడా పెట్టి, ఎదుటి కొట్టులోకి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"బ్యాండు కోట్లు కూడా వాడికే పోయాయి."

"పోతే పోయాయి." ఇల్లాలు ఒళ్ళో పాత కోటు పెట్టుకుని గుండీలు కుడుతోంది. "వాడి నలుపు నిలుస్తోంది, నీది నిలవట్లేదు. అందులో ఏముందో వెళ్ళి అడుగు."

"నేను నేర్పినవాడిని నేను అడగాలా?"

"అయితే అడక్కు. అలాగే ఉండు, గిన్నెలు తోముకుంటాం."

గోడకి ఆనుకుని కూర్చున్న బావమరిది కిసుక్కుమన్నాడు. అతను ఆమె తమ్ముడు. బజారులో తోపుడుబండి నడుపుతాడు. ఎవరి బుట్టలు ఎవరి కొట్టుకి చేర్చాలన్నా అతనే.

"నవ్వుతావేంట్రా?"

"నవ్వలేదు బావా. దగ్గొచ్చింది."

"దగ్గు మానేసి చెప్పు. వాడు ఆ తెర వెనక ఏం చేస్తాడు?"

"ఏమో బావా. రెండు కాగులున్నాయి. ఒకటి నలుపుది. రెండోదాని మీద ఎప్పుడూ మూత ఉంటుంది. అదేంటన్నా అంటే కడుగునీళ్ళురా, నీకెందుకు అంటాడు. నేను బుట్ట లోపల పెట్టగానే బయటికి పొమ్మంటాడు."

"నువ్వు బయటికి పోతావు. బుట్ట?"

"బుట్ట లోపలే ఉంటుంది. బుట్టకేమన్నా కళ్ళున్నాయా బావా, దాన్ని చూసి వాడు భయపడటానికి?"

రంగులాయన చెప్పు విప్పుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. అలా కాసేపు ఒంటికాలి మీదే నిలబడి, ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"లేవు. పెట్టుకోవచ్చు."

ఇల్లాలికి అర్థం కావడానికి ఒక గుండీ కుట్టేంతసేపు పట్టింది. అర్థమయ్యాక సూది పక్కన పెట్టింది.

"ఈ వయసులో బుట్టలో కూర్చుంటావా? మడిచిన మోకాళ్ళు మళ్ళీ తెరుచుకుంటాయా?"

"నీ తమ్ముడు తెరుస్తాడు."

"దొరికిపోతే?"

"దొరికితే ఏం చేస్తారే? వాడి సొమ్ము తింటున్నానా?"

"కొట్టు పీకేస్తారు." ఆమె గొంతులో వేళాకోళం పోయింది. "మీ నాన్న ఇచ్చింది అదొక్కటే. ఈ ఇల్లు అద్దెది. మనది అని చెప్పుకోవడానికి ఇంకెక్కడా జానెడు చోటు లేదు. ఆ సంగతి గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. అందుకే మర్నాడు పొద్దున్నే, బుట్టలోకి ఎక్కకముందు, కుళాయి పక్కన గోడకి కొట్టిన బోర్డు దగ్గరికి వెళ్ళాడు. బజారు పెట్టిన రోజుల్లో రాయించిన బోర్డు. సగం రంగు లేచిపోయింది. ఆయన బడి నాలుగో తరగతితో సరి, కాబట్టి ఒక్కో అక్షరం వేలితో పట్టుకుని చదివాడు. దొంగతనం, కల్తీ, గూఢచర్యం చేసినవారి స్థలం రద్దు చేయబడును.

దొంగతనం లేదు. వాడి కొట్టులోంచి ఆయన పూచికపుల్ల కూడా తీసుకురావడం లేదు. కల్తీ లేదు. ఇక మూడోదంటారా, దాని అర్థం బజారులో చిన్నపిల్లాడికైనా తెలుసు. గూడుచర్యం. అంటే హద్దు దాటి ముందుకి గూడు కట్టడం. ఎప్పుడో బెల్టులాయన తన కొట్టు బయట చెక్కతో ఒక గూడు బిగించి బెల్టులు వేలాడదీస్తే, దారికి అడ్డంగా ఉందని గొడవైంది. అప్పటి అధ్యక్షుడు ఈ బోర్డు మీద ఇదే మాట చూపించి, దగ్గరుండి ఆ గూడు ఊడగొట్టించాడు. ఆ రోజునుంచి ఆ బజారులో ఎవరూ గూడు కట్టలేదు. రంగులాయన కొట్టుకైతే బయటే కాదు, లోపల కూడా గూడు లేదు. ఆయనది నేలమీద పని.

మూడింటిలో ఒక్కటీ తనకి తగలదని తేల్చుకున్నాక ఆయనకి కాళ్ళు నేలమీద నిలవలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒంట్లో అలాంటి ఉత్సాహం. గడ్డం గీసుకున్నాడు కూడా. బుట్టలో కూర్చునేవాడికి గడ్డం ఎందుకని ఇల్లాలు అడిగితే, పని మంచిది కాబట్టి అన్నాడు.

*

వెదురుబుట్ట. ఇద్దరు మోయాల్సినంత పెద్దది. అడుగున రంగులాయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. పైన ఎవరూ విడిపించుకోకుండా వదిలేసిన పాత కోట్లు నాలుగు, వాటి కింద ఒక పల్చటి చొక్కా.

"బావా, తుమ్మొస్తే?"

"మింగేస్తాను. తొయ్యి."

బండి బండల మీద గడగడలాడుతూ కదిలింది. బుట్ట సందుల్లోంచి బజారు ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోతోంది. తాళాలాయన ఆకురాయి చప్పుడు, అట్టలాయన జిగురు వాసన, కుళాయి దగ్గర ఎవరో "బూడిదన్న ఇవాళ ఇంకా రాలేదేంటి" అనడం. ఉన్నానమ్మా, నీ ముందే పోతున్నాను అని ఆయనలో ఆయన నవ్వుకున్నాడు. గుండె దరువు వేస్తోంది. భయంతో కాదు. పెళ్ళికొడుకుగా బండెక్కిన రోజు కూడా ఇంత హుషారు లేదు ఆయనకి.

"అన్నా, బుట్ట."

"లోపల పెట్టు. ఏంటిరా ఇంత బరువు, బట్టలా బండలా?"

"తడి కోట్లన్నా."

"సరే, పో బయటికి."

తెర పడింది. చీకటి, ఆవిరి, పొయ్యి చిటపటలు. బుట్ట సందుకి కన్ను ఆనించాడు రంగులాయన. కాటుక మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ఎప్పుడూ వాటితోనే ఉంటాడు, చేతులు సుకుమారమని బజారులో ఎగతాళి కూడా. వాడు ఒకసారి తెర సందులోంచి బయటికి తొంగిచూశాడు. ఆ తర్వాత రెండో కాగు దగ్గరికి వెళ్ళి మూత తీశాడు.

ఆవిరి గుప్పున లేచింది. కడుగునీళ్ళకి అంత ఆవిరెందుకు? కడుగునీళ్ళని అంత ప్రేమగా కర్రతో కలపడమెందుకు? రంగులాయన కన్ను సందుకి ఇంకా నొక్కాడు. లోపల ఏముందో మాత్రం కనబడలేదు. ఆ మూల వెలుగు లేదు, అక్కడున్నవన్నీ నల్లగానే ఉన్నాయి.

కాటుక బుట్ట దగ్గరికి వచ్చాడు. పైనున్న కోటు తీశాడు. ఆ కాగులో ముంచాడు, తిప్పాడు, ఎత్తాడు, సరిగ్గా బుట్ట మీదుగా కట్టిన తాడు మీద వేశాడు. ఇంకో కోటు. ఇంకోటి. పైగా పాట ఒకటి. వాడు హాయిగా కూనిరాగం తీస్తుంటే ఇక్కడ రంగులాయన నెత్తిమీద కప్పు పల్చబడిపోతోంది. నాలుగో కోటు కూడా పోయింది. ఇప్పుడు ఆయనకీ వాడికీ మధ్య మిగిలింది ఒక్క చొక్కా.

పైనుంచి టప్‌మని ఒక చుక్క పడింది. వెచ్చగా, చొక్కాలోంచి దిగి, నడినెత్తిన. ఇంకోటి చెవి వెనకనుంచి మెడ మీదకి జారింది. ఇంకోటి మోకాలి మీద పెట్టుకున్న చేతి మీద పడింది. ఆయన ఆ చేతిని మెల్లగా బుట్ట సందులోంచి వచ్చే సన్నటి వెలుతురు గీత కిందికి జరిపాడు.

నీలం.

నలుపు కాదు. ముదురు నీలం. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ముందు నీలం వేస్తున్నాడు. బట్ట నిండా నీలం పట్టించి, దాని మీద నలుపు వేస్తున్నాడు. అందుకే నలుపు తరుగుతున్నకొద్దీ కింద బూడిద బయటపడదు, నీలం పడుతుంది. నీలం మీద మిగిలిన నలుపు ఇంకా నల్లగానే కనబడుతుంది. ఇంతే. ఇన్నేళ్ళూ తన కడుపు మండించింది ఈ ఒక్క చుక్క. అందుకే ఆ తొడుగులు కూడా. గోళ్ళ సందుల్లో నీలం చూస్తే ఎవడైనా కనిపెట్టేస్తాడని.

అరవబోయి చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడే కాటుక చెయ్యి బుట్టలోకి దిగింది. వేళ్ళకి చొక్కా తగల్లేదు. రంగులాయన తొడుక్కున్న చొక్కా చెయ్యి తగిలింది. లాగాడు.

"ఇదేంటి, ఇరుక్కుంది."

మళ్ళీ లాగాడు. రంగులాయన తన చెయ్యి తనవైపు లాక్కున్నాడు. ఒక్క క్షణం గురువూ శిష్యుడూ ఒకే చొక్కాని చెరో వైపు పట్టుకుని గుంజుకున్నారు. పని నేర్పే రోజుల్లో తడి బట్ట పిండేటప్పుడు కూడా వాళ్ళు ఇలాగే గుంజేవాళ్ళు.

"అన్నా, అన్నా, పొరపాటైంది." తెర అవతలనుంచి బావమరిది గొంతు. చచ్చి బతికినట్టయింది రంగులాయనకి. "ఇది నీ బుట్ట కాదంట. నన్ను తిడుతున్నారు. ఇచ్చెయ్."

"నాలుగు ముంచేశాను కదరా."

"ముంచినవి ఉండనీ అన్నా, మిగిలినవి పట్టుకుపోతా."

"మిగిలింది ఒక్క చొక్కానే. బరువు మాత్రం అలాగే ఉందేంటి?"

"తడిసింది కదన్నా" అంటూనే బావమరిది బుట్టని బండి మీదకి ఈడ్చేశాడు.

*

బజారు వెనక కాలువ మలుపులో బుట్టలోంచి బయటికి వచ్చాడు రంగులాయన. మోకాళ్ళు తెరుచుకోకపోతే బావమరిది చేతులు పట్టుకుని లాగాడు. నిలబడగానే అతన్ని కౌగిలించుకున్నాడు.

"నీలంరా. నీలం."

"బావా, నీ తల..."

"తల కాదురా, నీలం. వెళ్ళి అక్కకి చెప్పు. బ్యాండు కోట్లు మళ్ళీ మన దగ్గరికే వస్తాయని చెప్పు." అతని మాట వినకుండానే బజారులోకి నడిచాడు.

అలాంటి నడక ఆ బజారు ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు. రెండు చేతులూ వెనక కట్టుకుని, దారిలో కనబడిన ప్రతివాణ్ణీ పలకరించాడు. ఏం, బాగున్నావా. ఏమ్మా, పిల్లలు బాగున్నారా. ఆయన్ని చూసినవాళ్ళు ముందు నోరు తెరిచారు, తర్వాత మొహం తిప్పుకున్నారు, ఆ తర్వాత భుజాలు ఊపుకుంటూ నవ్వారు. తన సంతోషం చూసి బజారు కూడా సంతోషిస్తోందని అనుకున్నాడాయన. ఎందుకనుకోడు? నెత్తి మధ్యనుంచి ఎడమ చెవి మీదుగా మెడ దాకా తాను ముదురు నీలంగా ఉన్నానన్న సంగతి ఆయనకి ఎలా తెలుస్తుంది?

కాటుక తెర పక్కకి జరిపి బయటికి వచ్చింది ఆ సమయంలోనే. చేతిలో కర్ర ఉంది. ఎదురుగా, కుళాయి కింద దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్న గురువుగారి తల కనబడింది. ప్రపంచంలో ఎన్ని నీలాలున్నా తన నీలాన్ని తను గుర్తుపట్టలేడా. బుట్ట అంత బరువెందుకో అప్పుడు అర్థమై, వాడి చేతిలోంచి కర్ర జారిపోయింది.

మధ్యాహ్నానికి బజారంతా కుళాయి దగ్గర చేరింది. బోర్లించిన బుట్టల మీద, చెక్కల మీద, చోటు దొరికిన చోట కూర్చున్నారు. తాళాలాయన ఆ ఏటి అధ్యక్షుడు. చేతిలో ఎవరిదో తాళంచెవి, దాన్ని ఆకురాయితో రాస్తూనే అడిగాడు.

"ఏమయ్యా, బుట్టలో దాక్కుని తన కొట్టులోకి వచ్చావని నీ మీద గూఢచర్యం కేసు పెట్టాడు కాటుక. ఏమంటావు?"

రంగులాయన పకపకా నవ్వాడు. "నా కొట్టుకి రండి. లోపలా బయటా చూసుకోండి. గూడు ఉంటే అక్కడే ఉరేసుకుంటాను."

"అవును, బూడిదన్నకి గూడు లేదు" అన్నారు ఇద్దరు ముగ్గురు.

అట్టలాయన గొంతు సవరించుకున్నాడు. "గూడు కాదయ్యా. గూఢం. దానికి ఢక్కాలో ఢ. రెండూ వేరు."

"నువ్వు చెప్పగానే వేరైపోతాయా?" అన్నాడు బెల్టులాయన.

"నేను చెప్పడం ఎందుకు, నిఘంటువే ఉంది నా దగ్గర. అట్ట వేయమని ఇచ్చారు." లేచి వెళ్ళి విప్పదీసిన కాగితాల కట్టలు ఒళ్ళోకి ఎత్తుకొచ్చాడు. ఇంకా కుట్టలేదు, ఏ అక్షరం ఎక్కడుందో ఆయనకే తెలీదు. అందరికీ తలా ఒక కట్ట పంచి గ వెతకమన్నాడు. మ దొరికింది, ప దొరికింది, ఎవరో తలకిందులుగా పట్టుకుని ఇది మన భాషే కాదన్నారు. చివరికి బెల్టులాయన కూర్చున్న కట్టలో గ దొరికింది.

అట్టలాయన నిలబడి చదివాడు. "గూఢచర్యము. మారువేషముననో, మరుగుననో ఉండి, ఎదుటివారి మర్మమును తెలిసికొని, తనవారికి చేరవేయుట. వేగు."

అందరూ రంగులాయన నెత్తి వైపు చూశారు.

బెల్టులాయన మెల్లగా లేచాడు. "అయితే నా గూడు ఎందుకు కొట్టించారు?"

"అది వేరే సంగతి. కూర్చో."

"వేరే ఏంటి పెద్దాయనా? మంచి టేకు చెక్క."

"కూర్చోవయ్యా." తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టాడు. రంగులాయన మొహంలో నవ్వు అప్పటికే సగం పోయింది. తాను వేలు పెట్టి మరీ చదువుకున్న మాట తననే చూస్తోందని తెలిసింది ఆయనకి. కొట్టు వైపు చూశాడు. పొయ్యి, కాగు, గోడ మీద తండ్రి చేతి రంగు మరకలు.

"మరుగున ఉన్నాడా అంటే ఉన్నాడు, బుట్టలో" అన్నాడు తాళాలాయన. "మరి మర్మం తెలుసుకున్నాడా? కాటుకా, నువ్వు చెప్పు. నెత్తిమీద ఆ నీలం ఏంటి? నువ్వు వేసేది నలుపు కదా?"

కేసు పెట్టినంత సులువు కాదు ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం. నిజం చెబితే తన మర్మం తనే బయటపెట్టినట్టవుతుంది. కాటుక తొడుగులు వెనక దాచుకున్నాడు.

"అదా... అది ఎవరిదో గొడుగు గుడ్డది పెద్దాయనా. నా నలుపుకీ దానికీ ఏం సంబంధం లేదు. ఈయన ఏం తెలుసుకోలేదు. తెలుసుకోవడానికి అక్కడ ఏముంది, కడుగునీళ్ళు తప్ప."

"ఏం తెలుసుకోలేదంటావు."

"ఏం లేదు."

తాళాలాయన చుట్టూ చూశాడు. ఆయనకీ పాత స్నేహితుడి కొట్టు పీకడం ఇష్టం లేదు. "అయితే ఇది గూఢచర్యం కిందికి రాదు. తొంగిచూడటం కిందికి వస్తుంది. తొంగిచూడటం బోర్డు మీద లేదు. ఒక నెల కాలువ ఊడ్చు, బుద్ధిగా నీ కొట్టు నువ్వు చూసుకో. సరేనా?"

"సరే అను బావా" అన్నాడు బావమరిది చెవి దగ్గర. "అనేసెయ్. పోదాం."

రంగులాయన తల ఊపబోయాడు. సగం ఊపాడు కూడా. ఇల్లాలు కుళాయి పక్కన నిలబడి ఉంది, ఆమె మొహం కుదుటపడటం ఆయనకి కనబడింది. అక్కడితో అయిపోయేది. ఈ కథ కూడా ఉండేది కాదు.

కానీ గండం గడిచాక కాటుక ఊరుకుంటే వాడు కాటుక ఎందుకవుతాడు? వెళ్ళిపోతూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"గూఢచర్యమంటే బుర్ర కావాలి పెద్దాయనా. మన బూడిదన్నకి అంత పెద్ద మాటెందుకు? బుట్టలో కోడి కూడా కూర్చుంటుంది. దాన్ని కూడా వేగు అందామా?"

బజారు నవ్వింది. అదే నవ్వు. ఆ రోజు గిన్నెలు తోముకోవడం గురించి నవ్విన నవ్వే.

రంగులాయన లేచి నిలబడ్డాడు. ఇల్లాలు ఆయన మొహం చూసి "వద్దు, కూర్చో" అంది. బావమరిది చొక్కా పట్టుకున్నాడు. పొద్దున్నుంచి ఆ చొక్కాకి అది రెండో గుంజుడు.

"కోడా?" అన్నాడు రంగులాయన. కళ్ళు మెరుస్తున్నాయి. "వాడి రెండో కాగులో కడుగునీళ్ళు లేవు. నీలం ఉంది. మరిగే నీలం. వాడు ఏ బట్టనైనా ముందు నీలంలో ముంచుతాడు. ముదురుగా పట్టించి, చుక్కలు కారిపోయేదాకా తాడు మీద వేసి, అప్పుడు నలుపులో వేస్తాడు. పైన నలుపు పోయినా కింద నీలం ఉంటుంది కాబట్టి బట్ట తెల్లబోదు. అదీ వాడి కాటుక. ఆ తొడుగులు విప్పమనండి, గోళ్ళు చూడండి. నేను బుట్టలో కూర్చున్నాను. వాడు నా చొక్కా పట్టుకుని లాగినా కదల్లేదు. ఇంతమంది ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఎవడూ కనిపెట్టనిది ఒక్క చుక్కతో కనిపెట్టాను. ఇప్పుడు చెప్పు, బుర్ర ఎవరికి లేదు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరి కళ్ళూ కాటుక చేతుల మీదికి పోయాయి. వాడు తొడుగులు విప్పలేదు. విప్పాల్సిన పని కూడా లేకపోయింది. వాడి మొహమే పాలిపోయి, నాలుగు ఉతుకులు ఉతికినట్టు అయింది.

"బూడిద" అన్నారెవరో మెల్లగా. మొదటిసారి ఆ మాట కాటుక వైపు చూసి అన్నారు.

రంగులాయన ఛాతీ ఎంత పొంగిందంటే, తాళాలాయన తలవంచుకుని కాగితం మీద వేలు పెట్టి చదువుతున్నాడని ఆయనకి కనబడలేదు.

"మరుగున ఉండి" అన్నాడు తాళాలాయన. "ఉన్నాడు. మర్మము తెలిసికొని. తెలుసుకున్నాడు. తనవారికి చేరవేయుట." తలెత్తి చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. "చేరవేశాడు. ఇంతమందికి."

"మేం ఆయనవాళ్ళమా?" అన్నాడు బెల్టులాయన, ఏదో దారి దొరుకుతుందేమోనని.

"మరి ఎవరివాళ్ళం?" అన్నాడు అట్టలాయన. అన్నాక తను ఎందుకన్నానా అని నాలిక కరుచుకున్నాడు.

తాళాలాయన కాగితాల కట్ట అట్టలాయనకి తిరిగి ఇచ్చాడు. తర్వాత రంగులాయనని, మొదటిసారి, గారూ అని పిలిచాడు.

"గూఢచారి గారూ, మీ స్థలం రద్దు."

*

సామాను తోపుడుబండి మీదే తరలించారు. కాగు, కర్రలు, పొయ్యి, ఉప్పు డబ్బా. పొద్దున్న ఆయన కూర్చున్న బుట్టలోనే చిన్నాచితకా అన్నీ వేశారు. దారి పొడుగునా కొట్లవాళ్ళు లేచి నిలబడ్డారు. "వెళ్ళొస్తారా గూఢచారి గారూ" అన్నారు. ఒక్కడంటే ఒక్కడు బూడిద అనలేదు. ఎదుటి కొట్టులో తెర తీసే ఉంది. ఇక అక్కడ దాచుకోవడానికి ఏమీ లేదు. కాటుక తొడుగులు లేకుండా, నీలం గోళ్ళతో, బ్యాండు కోట్లు పిండుతున్నాడు, తలెత్తలేదు.

"విన్నావా" అన్నాడు రంగులాయన, బండి పక్కన నడుస్తున్న ఇల్లాలితో. "గారూ అంటున్నారు."

"విన్నాను. ఆ పుస్తకంలో వేగు అని కూడా ఉందంట కదా. పెళ్ళయినప్పటినుంచీ నీతో వేగుతున్నది నేను. బిరుదు మాత్రం నీకు."

బావమరిదికి మళ్ళీ దగ్గొచ్చింది. రంగులాయనకి కూడా నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. బజారు మలుపు దాకా ముగ్గురూ నవ్వుతూనే వెళ్ళారు. మలుపు తిరిగాక ఆమె నవ్వడం మానేసింది.

"ఇంతకీ ఎంత పోగొట్టావో లెక్క వేసుకున్నావా?"

వేసుకున్నాడు. ఖాళీ చేసేటప్పుడు తండ్రి వాడిన కర్రతోనే మూల నుంచి మూలకి కొలిచాడు. తొమ్మిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, యాభై నాలుగు చదరపు అడుగుల బండ, కుళాయి నీళ్ళలో తన వాటా.